కాలు కుంటుతుంటే ఛాతీకి ఎక్స్‌రే ఎందుకు?

పదకొండేళ్ల లాబ్రడార్. పేరు టామీ అనుకుందాం. నెల రోజులుగా మెట్లెక్కడం మానేసింది. ముందుకాళ్లు రెండూ కింది భాగంలో లావెక్కాయి. కొద్ది రోజుల్లో వెనక కాళ్లదీ అదే వరస. ముట్టుకుంటే వేడి, కాస్త నొక్కితే కుయ్యిమంటుంది. వయసు మీదపడింది, కీళ్లవాతం కాబోలు అనుకుని ఇంటివాళ్లు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తారు. డాక్టరు కాళ్లకు ఎక్స్‌రే తీయించి, ఆ ఫొటో కాసేపు చూసి, "ఛాతీకి కూడా తీయాలండీ" అంటారు.

నొప్పేమో కాలిది, పరీక్షేమో ఛాతీకి! ఇంటివాళ్లకు అనుమానం రావడం సహజమే. కానీ డాక్టరు చూసింది కాలి ఎముకే అయినా, ఆ ఎముక చెప్పింది మాత్రం ఊపిరితిత్తి సంగతి. ఈ చిక్కుముడి విప్పితే, కుక్కల ఊపిరితిత్తుల్లో గడ్డలు ఎలా దాక్కుంటాయో, వాటిని ఎలా పట్టుకుంటారో, పట్టుకున్నాక ఏం చేస్తారో వరసగా అర్థమవుతుంది.

ఎముక మీద మరో ఎముక

ఆరోగ్యంగా ఉన్న కాలి ఎముక ఎక్స్‌రేలో వెదురుబొంగులా నునుపుగా కనిపిస్తుంది. టామీ ఎముక అలా లేదు. నున్నటి గోడ మీద ఎవరో ఇసుక, సిమెంటు విసిరికొట్టినట్టు, పాత ఎముక మీద కొత్త ఎముక గరుకుగా పేరుకుంది. అదీ ఒక్క కాలికి కాదు, నాలుగు కాళ్లకీ. కీళ్లు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి. కీళ్లవాతం అయితే కీళ్లు చెడాలి. ఎముకలో పుట్టిన క్యాన్సర్ అయితే సాధారణంగా ఒక్కచోటే ఎముకను తినేయాలి. ఈ రెండూ కానప్పుడు డాక్టరు మనసు ఛాతీ వైపు వెళ్తుంది.

దీన్ని హైపర్‌ట్రాఫిక్ ఆస్టియోపతీ అంటారు. కుక్కల్లో దీని వెనక చాలాసార్లు కనిపించేది ఛాతీలోని గడ్డే. గడ్డ అక్కడుంటే ఎముక ఇక్కడెందుకు పెరగాలి? ఊపిరితిత్తుల కబుర్లను మెదడుకు మోసుకెళ్లే వేగస్ అనే నరం ఒకటుంది. గడ్డ ఆ నరాన్ని రేపినప్పుడు, ప్రతిచర్యగా కాళ్లకు రక్తప్రసారం పెరుగుతుందని, ఎముకను చుట్టి ఉండే పలచటి పొర ఆ రక్తంతో ఉబ్బి కొత్త ఎముకను పోస్తుందని ఒక వివరణ. గడ్డ జోలికి పోకుండా, ఆ పక్క వేగస్ నరాన్ని కోసినా కాళ్ల వాపు తగ్గిన సందర్భాలు ఉండటం దీనికి బలం. గడ్డ విడుదల చేసే రసాయనాలే రక్తనాళాలను పెంచుతున్నాయన్నది రెండో వివరణ. ఏది ఎంతవరకు నిజమైనా, గడ్డ తీసేశాక కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో కుంటు తగ్గిపోవడం డాక్టర్లు తరచూ చూసేదే. ఎముక నునుపు తేలడానికి మాత్రం నెలలు పడుతుంది.

చప్పుడు చేయని గడ్డ

ఛాతీలో గడ్డ ఉంటే దగ్గు రావాలి కదా? చాలా కుక్కల్లో వస్తుంది. పొడిదగ్గు, కఫం లేనిది, మందులకు లొంగనిది. కానీ నాలుగింట ఒక వంతు కుక్కల్లో ఏ లక్షణమూ ఉండదు. వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో గడ్డ అనుకోకుండా బయటపడుతుంది.

కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. దగ్గును పుట్టించే నరాల కొసలు పెద్ద గాలిగొట్టాల్లో ఎక్కువ. ఊపిరితిత్తి అంచుల్లోని మెత్తటి భాగంలో అవి దాదాపు ఉండవు. నొప్పిని తెలిపే నరాలూ అక్కడ లేనట్టే. ఊరి చివరి పొలంలో మంట లేస్తే ఊరి మధ్యలో ఉన్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? పొగ వీధిలోకి రావాలి. అంచున పుట్టిన గడ్డ పెరిగి పెరిగి ఏదో గాలిగొట్టాన్ని నొక్కినప్పుడే దగ్గు మొదలవుతుంది.

పైగా ఊపిరితిత్తుల్లో మిగులు చాలా ఎక్కువ. కుక్కకు కుడివైపు నాలుగు, ఎడమవైపు రెండు, మొత్తం ఆరు భాగాలు. డాక్టర్లు వీటిని లోబ్‌లు అంటారు. మొత్తంలో దాదాపు సగం తీసేసినా మిగిలిన సగంతో కుక్క బతకగలదు. ముసలి కుక్క ఎలాగూ పరిగెత్తదు, సోఫా కింద పడుకుంటుంది. పడుకున్న కుక్కకు ఒక లోబ్ పనిచేయకపోయినా తేడా తెలియదు. మనకూ తెలియదు.

ఒకటా, చాలానా?

ఛాతీ ఫొటోలో తెల్లటి మచ్చ కనిపించింది. డాక్టరు మొదట చేసే పని లెక్కపెట్టడం. ఒకటుందా, చాలా ఉన్నాయా? వైద్యమంతా ఈ లెక్క మీదే మలుపు తిరుగుతుంది.

ఊపిరితిత్తిలోనే పుట్టే క్యాన్సర్ కుక్కల్లో అరుదు. వాటికి వచ్చే గడ్డలన్నింటిలో సుమారు ఒక శాతం. సాధారణంగా పది, పదకొండేళ్ల వయసులో బయటపడుతుంది. చాలావరకు ఒకే ఒక్క గడ్డ, ఎక్కువగా వెనక లోబ్‌లలో. ఇవి ప్రధానంగా గాలి గదుల, గాలిగొట్టాల లోపలి పొర నుంచి పుట్టే కార్సినోమాలు.

ఇంకెక్కడో పుట్టి ఊపిరితిత్తులకు వచ్చి చేరే క్యాన్సర్ దీనికన్నా చాలా ఎక్కువ. శరీరంలోని సిరల రక్తమంతా గుండె కుడిభాగానికి చేరి, అక్కడి నుంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాల వల అక్కడ పరిచి ఉంటుంది. రొమ్ములోనో, కాలి ఎముకలోనో, నోట్లోనో ఉన్న గడ్డ నుంచి తెగిన కణం కాలువలో కొట్టుకొచ్చిన చెత్తలా మొదట తగులుకునే జల్లెడ ఇదే. అందుకే ఇలా వచ్చిన గడ్డలు చాలాసార్లు బఠాణీలు చల్లినట్టు రెండు ఊపిరితిత్తుల్లోనూ కనిపిస్తాయి.

ఒక్కటే ఉంటే కోసి తీసే దారి ఉంది. చల్లినట్టు ఉంటే సాధారణంగా ఆ దారి మూసుకుపోయినట్టే. ఒకటి తీస్తే పక్కన పది ఉంటాయి, కంటికి కనిపించనివి ఇంకెన్నో. ఆడకుక్కకు రొమ్ముగడ్డ ఆపరేషన్ చేసేముందు ఛాతీ ఎక్స్‌రే తీయమని డాక్టరు పట్టుబట్టేదీ ఇందుకే. ఖర్చు పెంచడానికి కాదు, కత్తి పట్టడంలో అర్థం ఉందో లేదో తెలుసుకోవడానికి.

మూడు ఫొటోల లెక్క

ఛాతీకి ఒక్క ఎక్స్‌రే చాలదు, మూడు కావాలి. కుడిపక్కకు పడుకోబెట్టి ఒకటి, ఎడమపక్కకు తిప్పి ఒకటి, వెల్లకిలా పెట్టి ఒకటి. "ఒకటి తీస్తే సరిపోదా?" అని బిల్లు చూసి అడిగేవాళ్లు ఉంటారు.

ఎక్స్‌రేలో గాలి నల్లగా, కండ తెల్లగా పడుతుంది. గాలి నిండిన నల్లటి ఊపిరితిత్తిలో గడ్డ అమావాస్య రాత్రి దీపంలా కనిపిస్తుంది. అయితే కుక్క కుడిపక్కకు పడుకుంటే గుండె బరువు, ఛాతీ బరువు కుడి ఊపిరితిత్తి మీద పడతాయి. అందులోని గాలి కొంత బయటకుపోయి, పిండిన స్పాంజిలా అణిగి, తెల్లబడుతుంది. తెల్లటి దాంట్లో తెల్లటి గడ్డ పాలలో పడ్డ మల్లెమొగ్గ. కనిపించదు. అదే సమయంలో పైన ఉన్న ఎడమ ఊపిరితిత్తి గాలితో నిండి, తన గుట్టు అంతా చూపిస్తుంది. ఒక్క ఫొటోతో సరిపెట్టుకుంటే సగం ఛాతీని చూడనట్టే.

మూడు తీసినా ఎక్స్‌రేకు హద్దుంది. సుమారు ఏడెనిమిది మిల్లీమీటర్ల కన్నా చిన్న గడ్డలు అందులో సాధారణంగా దొరకవు. శనగగింజంత ఉంటే కనిపించవచ్చు, ఆవగింజంత ఉంటే కనిపించదు.

బాక్స్: నీడలన్నీ క్యాన్సర్లు కావు

ఛాతీ ఫొటోలో తెల్లటి మచ్చ కనిపించగానే గుండె జారిపోనక్కర్లేదు. చీముగడ్డ, ఫంగస్, న్యుమోనియా, లోపలికి పోయిన గడ్డిపరక చుట్టూ వచ్చిన వాపు ఇవన్నీ గడ్డలా కనిపించగలవు.

మన దేశంలో గుర్తుపెట్టుకోవలసింది ఇంకొకటి ఉంది: స్పైరోసెర్కా లూపై అనే పురుగు. పేడపురుగులను తిన్న కుక్కకు, లేదా వాటిని తిన్న కోడినో బల్లినో తిన్న కుక్కకు ఇది సోకుతుంది. పురుగు పిల్లలు అన్నవాహిక గోడలో చేరి కణితి కడతాయి. ఛాతీ ఎక్స్‌రేలో అది గుండె వెనక గడ్డలా కనబడుతుంది. కాళ్ల ఎముకలు లావెక్కే జబ్బును ఇదీ తెప్పించగలదు. తొందరగా పట్టుకుంటే మందులతో తగ్గుతుంది. వదిలేస్తే ఆ కణితే క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది.

ఇక ముసలి పొమేరియన్ దగ్గుతోందంటే డాక్టరు ముందు అనుమానించేది గుండె కవాటాన్ని, మెత్తబడిన గాలిగొట్టాన్ని. గడ్డ ఆ జాబితాలో తర్వాత వస్తుంది.

చక్రాలుగా తరిగి చూడటం

దోసకాయను పైనుంచి చూస్తే గింజలు ఎన్నో, ఎక్కడున్నాయో చెప్పలేం. చక్రాలుగా తరిగితే ఒక్కో గింజ లెక్కకొస్తుంది. సీటీ స్కాన్ చేసేది అదే, కత్తి లేకుండా. ఎక్స్‌రేలో గుండె, పక్కటెముకలు, ఊపిరితిత్తులు ఒకదాని మీద ఒకటి పడి ఒకే నీడ అవుతాయి. సీటీలో ఒక్కో పొర విడివిడిగా తెలుస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల మచ్చలు కూడా దొరుకుతాయి. కుక్క కదలకూడదు కాబట్టి మత్తు ఇవ్వాలి.

సీటీ ఇచ్చే ఇంకో ముఖ్యమైన కబురు లింఫ్ గ్రంథులది. గాలిగొట్టం రెండుగా చీలే చోట గుంపుగా ఉండే ఈ గ్రంథులు ఊపిరితిత్తుల చెక్‌పోస్టులు. క్యాన్సర్ కణాలు బయటపడితే ముందు ఇక్కడ చిక్కుతాయి. ఎక్స్‌రేలో ఇవి బాగా ఉబ్బితే తప్ప తెలియవు. ఆపరేషన్ ఫలితం ఎలా ఉండబోతోందో చెప్పడంలో గడ్డ సైజు కన్నా వీటి మాటకే విలువ ఎక్కువ.

సన్నటి సూదితో గడ్డలోంచి కొన్ని కణాలు లాగి మైక్రోస్కోపు కింద చూడటం మరో పరీక్ష. సూది ఛాతీ గోడకు దగ్గరున్న గడ్డలకు బాగా పనికొస్తుంది. అయితే ఊపిరితిత్తి గాలి బుడగ లాంటిది కాబట్టి, గుచ్చినచోట గాలి కారే ప్రమాదం కొంత ఉంది. గడ్డ మధ్యభాగం కుళ్లిపోయి ఉంటే సూదికి చచ్చిన కణాలే వస్తాయి, ఏమీ తేలదు. అందుకని గడ్డ ఒక్కటే ఉండి, తీయడానికి వీలుగా ఉంటే కొందరు సర్జన్లు సూది జోలికే పోరు. సూది ఏం చెప్పినా ఎలాగూ తీయాల్సిందే, తీసిన గడ్డనే ల్యాబుకు పంపుదాం అంటారు. చేయబోయే పనిని మార్చని పరీక్ష చేయించడంలో అర్థం లేదు.

పంక్చర్ షాపు పరీక్ష

గడ్డ ఉన్న లోబ్‌ను మొత్తంగా తీసేయడమే ఒంటరి గడ్డకు ప్రధాన చికిత్స. రెండు పక్కటెముకల మధ్య కోసి ఛాతీలోకి వెళ్తారు. చిన్న గడ్డలను కెమెరా గొట్టాలతో చిన్న రంధ్రాల గుండా తీసే పద్ధతీ ఉంది.

ఛాతీ తెరిచిన క్షణం నుంచి కుక్క తనంతట తాను ఊపిరి పీల్చుకోలేదు. ఊపిరితిత్తులను తెరిచి ఉంచేది ఛాతీలోని శూన్యపు పట్టు. కోత పడగానే ఆ పట్టు పోయి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. అప్పటి నుంచి కుట్లు పడేదాకా ప్రతి శ్వాసా మత్తు డాక్టరు చేతిలో, వెంటిలేటర్ చేతిలో ఉంటుంది. ఛాతీ ఆపరేషన్ ప్రతి పశువుల ఆసుపత్రిలో జరగకపోవడానికి కారణం ఇదే. కత్తి పట్టే చెయ్యి ఒక్కటీ చాలదు.

లోబ్ మొదట్లో ధమని, సిర, గాలిగొట్టం మూడూ కట్టగా ఉంటాయి. స్టేప్లర్ లాంటి పరికరం ఆ కట్టను లోహపు పిన్నుల వరసలతో ఒక్కసారిగా మూసేస్తుంది. తర్వాత లోబ్‌ను కోసి తీస్తారు. ఇప్పుడు గాలిగొట్టం మూత సరిగా పడిందో లేదో తెలియాలి. సైకిల్ షాపులో పంక్చర్ వేశాక ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయా అని చూస్తారు కదా, ఇక్కడా అంతే. ఛాతీలో గోరువెచ్చటి సెలైన్ పోసి, ఊపిరితిత్తుల్లోకి గాలి నింపి, బుడగల కోసం చూస్తారు. బుడగ లేస్తే ఇంకో కుట్టు. లేవకపోతే సెలైన్ తోడేసి, మిగిలిన గాలి, ద్రవం బయటకు రావడానికి ఒక గొట్టం ఉంచి, మూసేస్తారు. లింఫ్ గ్రంథి ముక్కనూ అప్పుడే తీసి ల్యాబుకు పంపుతారు.

తర్వాతి జీవితకాలం ఆ ల్యాబు కాగితం మీద ఆధారపడుతుంది. గడ్డ చిన్నది, సుమారు ఐదు సెంటీమీటర్ల లోపు, ఊపిరితిత్తి అంచున ఉంది, కణాలు మరీ అడ్డూఅదుపూ లేనివి కావు, లింఫ్ గ్రంథులు శుభ్రం: ఇలా అయితే చాలా కుక్కలు ఏడాదికి పైగా, కొన్ని రెండేళ్లు కూడా బాగా బతుకుతాయి. గ్రంథుల్లోకి పాకి ఉంటే లెక్క వారాల్లోకి, ఒకటి రెండు నెలల్లోకి పడిపోతుంది. పదకొండేళ్ల కుక్కకు మంచి ఏడాది అంటే మనిషి లెక్కలో కొన్నేళ్లు. గ్రంథుల సంగతి సీటీలో ముందే తెలిస్తే, ఆ ఏడాది దొరికే అవకాశం ఎంతుందో చూసుకుని మరీ ఇంటివాళ్లు ఆపరేషన్‌కు సంతకం పెట్టగలరు.

వాకిట్లో బిళ్ళగన్నేరు

కత్తితో పనయ్యేలా లేనప్పుడు, లేదా ఆపరేషన్ తర్వాత మిగిలిన కణాల కోసం కీమోథెరపీ ఇస్తారు. కుక్కల ఊపిరితిత్తి క్యాన్సర్లకు తరచూ వాడే మందు వినోరెల్బిన్. దాని మూలం మన ఇళ్ల ముందు ఏడాదంతా పూసే బిళ్ళగన్నేరు. ఆ మొక్కలోని పదార్థాలను మార్చి ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పియెర్ పోతియే బృందం ఈ మందును తయారుచేసింది. మనుషుల ఊపిరితిత్తి క్యాన్సర్‌కు కూడా ఇస్తారు. రక్తంలో కన్నా ఊపిరితిత్తుల కణజాలంలో ఎక్కువగా పోగవడం దీని ప్రత్యేకత. వీధికుక్కల్లో కనిపించే లైంగికంగా అంటుకునే గడ్డకు మన పశువైద్యులు ఏళ్లుగా ఇస్తున్న విన్‌క్రిస్టిన్ కూడా ఈ మొక్క బిడ్డే. అలాగని ఆకులు దంచి తాగించకూడదు. శుద్ధి చేయని మొక్క విషం.

కుక్కలకు కీమో అనగానే మనుషులు పడే అవస్థ గుర్తొచ్చి చాలామంది వెనకాడతారు. కానీ ఇక్కడ లక్ష్యం వేరు. ఎంత బాధైనా సరే క్యాన్సర్‌ను తుడిచిపెట్టాలన్నది కాదు, మిగిలిన రోజులు హాయిగా గడవాలన్నది. అందుకే మోతాదు తక్కువ. కొన్నింటికి వాంతులు, విరేచనాలు, తెల్లకణాలు తగ్గడం ఉంటాయి. మన జుట్టులా నిరంతరం పెరిగే బొచ్చు కాదు కనుక చాలా జాతుల్లో పెద్దగా రాలదు, మీసాలు మాత్రం పోవచ్చు. పూడుల్ లాంటి జాతుల్లో రాలుతుంది.

ఛాతీలో నీరు చేరి ఆయాసపడుతుంటే సూదితో ఆ నీరు తీసేయడం గంటలో ఊరట ఇచ్చే పని. అది జబ్బును తగ్గించదు. కానీ ఆ రాత్రి కుక్క పడుకుని నిద్రపోగలదు.

పొగ, ముక్కు, జన్యువు

కుక్క సిగరెట్ తాగదు. మరి దాని ఊపిరితిత్తికి క్యాన్సర్ ఎందుకు? 1992లో అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఊపిరితిత్తి క్యాన్సర్ ఉన్న 51 కుక్కలను ఇతర క్యాన్సర్లున్న కుక్కలతో పోల్చి చూశారు. పొగతాగే వాళ్లున్న ఇళ్లలోని కుక్కలకు ముప్పు కొంత ఎక్కువగా కనిపించినా, ఆ సంబంధం బలహీనమైనదే. ఆసక్తికరమైన విషయం ముక్కు దగ్గర తేలింది. ముప్పు పొట్టి, మధ్యరకం ముక్కుల కుక్కల్లో ఎక్కువ. 1998లో అదే బృందం ముక్కు క్యాన్సర్ మీద చేసిన అధ్యయనంలో పొడవు ముక్కు కుక్కల వంతు వచ్చింది. పొడవు ముక్కు పొగ కణాలను తనలోనే వడకట్టుకుని, ఆ దెబ్బ తనే తింటుందని, పొట్టి ముక్కు వాటిని కిందికి వదిలేస్తుందని ఒక వివరణ.

2019లో అరిజోనాలోని టీజెన్ సంస్థ నేతృత్వంలో వచ్చిన పరిశోధన జన్యువుల దాకా వెళ్లింది. కుక్కల ఊపిరితిత్తుల్లో వచ్చే ఎడినోకార్సినోమా రకం క్యాన్సర్లలో 38 శాతానికి హెర్2 జన్యువులో మార్పు కనిపించింది. మనుషుల రొమ్ము క్యాన్సర్‌తో పేరు తెచ్చుకున్న జన్యువే ఇది. దాన్ని అడ్డుకునే నెరాటినిబ్ అనే మందు ప్రయోగశాలలో ఆ కుక్క కణాల పెరుగుదలను ఆపింది. ఎప్పుడూ పొగతాగని మనుషులకు వచ్చే ఊపిరితిత్తి క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడానికీ, మనతో ఒకే కప్పు కింద ఒకే గాలి పీల్చే కుక్క దారి చూపవచ్చని శాస్త్రవేత్తల ఆశ.

బాక్స్: ఇంట్లో గమనించవలసినవి

● నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఛాతీ లేస్తోందో లెక్కపెట్టండి. ముప్పై దాటుతూ ఉంటే డాక్టరుకు చెప్పండి. గుండె జబ్బును పట్టుకోవడానికీ ఇది పనికొస్తుంది.

● ఎనిమిదేళ్లు దాటిన కుక్కకు రెండు వారాలైనా తగ్గని దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, నడకకు అలసట ఉంటే ఛాతీకి మూడు ఫొటోలూ తీయించండి.

● కుంటుతోందని ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయకండి. కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ అవి దెబ్బతీస్తాయి.

● పరీక్షలు కాకముందే దగ్గుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ అడగకండి. కొన్ని జబ్బుల ఆనవాళ్లను అది తాత్కాలికంగా చెరిపేస్తుంది.

● కీమో నడుస్తున్న రోజుల్లో కుక్క మూత్రం, మలం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. గర్భిణులు, పిల్లలు ఆ పని చేయకూడదు.

డాక్టరును అడగవలసిన మూడు ప్రశ్నలు

ఎక్స్‌రేలో మచ్చ ఉందని తెలిసినప్పుడు ఇంటివాళ్లు సాధారణంగా అడిగేది "ఎన్నాళ్లు బతుకుతుందండీ?" అని. దానికి జవాబు అప్పటికి డాక్టరు దగ్గర కూడా ఉండదు. జవాబు దొరికే ప్రశ్నలు మూడున్నాయి. ఒకటే గడ్డా, చాలా ఉన్నాయా? లింఫ్ గ్రంథులు ఎలా ఉన్నాయి? ఇప్పుడు చేయించబోయే పరీక్ష మన నిర్ణయాన్ని మారుస్తుందా? వీటికి జవాబులు వస్తే మొదటి ప్రశ్నకు జవాబు దానంతట అదే దగ్గరపడుతుంది. పెద్దాసుపత్రికి వెళ్లాలా, ఆపరేషన్ చేయించాలా, లేక నొప్పి లేకుండా చూసుకుంటూ ఇంట్లోనే ఉంచుకోవాలా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు. మూడూ గౌరవమైన దారులే. నాలుగు కాళ్లూ వాచినా వయసే కదా అని ఊరుకోవడం మాత్రం దారి కాదు.